అదే యుద్ధం, రెండు పేర్లు: 1942 బెజవాడ నుంచి 2025 బందర్ రోడ్ దాకా

 

ఈరోజు ఒక పార్టీ కథతో మొదలుపెడదాం. 1941 మే నెల. ఆ పార్టీ వాళ్లు "ఈ యుద్ధానికి ఒక్క పైసా ఇవ్వొద్దు, ఒక్క మనిషిని పంపొద్దు" అంటున్నారు. అలా అన్నందుకే చాలామంది జైల్లో ఉన్నారు, మిగతావాళ్లు అజ్ఞాతంలో ఉన్నారు. 1942 ఆగస్టుకి వచ్చేసరికి అదే పార్టీ, అదే బెజవాడలో, "ఇది ప్రజల యుద్ధం, దీన్ని గెలిపించాలి" అంటోంది. మధ్యలో పదిహేను నెలలు. హిట్లర్ అతనే. మనల్ని ఏలుతున్న బ్రిటిష్ వాళ్లూ వాళ్లే. మరి ఏం మారింది?

ఇది కమ్యూనిస్టుల్ని తిట్టే వీడియో అనుకుని అప్పుడే సంబరపడకండి. కమ్యూనిస్టు అభిమానులు అప్పుడే కోప్పడకండి. వీడియో రెండో సగంలో 2019కి, 2025కి వస్తాం. అక్కడ వేరే పార్టీలుంటాయి, వేరే మీడియా ఉంటుంది, మీ ఫోన్ కూడా ఉంటుంది. ఎవరినీ వదలం. అసలు పాయింట్ ఏంటంటే, యుద్ధం వచ్చినప్పుడు జనం మద్దతు దానంతట అది పుట్టదు. దాన్ని తయారు చేస్తారు. ఎలా తయారు చేస్తారో చూడటానికి మన కృష్ణా డెల్టా కంటే మంచి కేస్ స్టడీ దొరకదు.

పేరు మారిన యుద్ధం

1939 సెప్టెంబర్ 3. వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇండియా కూడా యుద్ధంలో ఉంది అని ప్రకటించాడు. మన నాయకుల్లో ఒక్కరిని అడగలేదు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం అక్టోబర్ చివర్లో దిగిపోయింది.

కమ్యూనిస్టు పార్టీ అప్పటికే 1934 నుంచి నిషేధంలో ఉంది. వాళ్లు ఈ యుద్ధానికి "సామ్రాజ్యవాద యుద్ధం" అని పేరు పెట్టారు. ఇద్దరు దొంగలు వాటాల కోసం కొట్టుకుంటుంటే మనకెందుకు అనేది వాళ్ల లైన్. ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకోండి. 1939 ఆగస్టు 23నే రష్యా, జర్మనీ ఒకరి మీద ఒకరు దాడి చేసుకోకూడదని ఒప్పందం చేసుకున్నాయి.

1941 జూన్ 22న హిట్లర్ ఆ ఒప్పందాన్ని చించేసి రష్యా మీద పడ్డాడు. ఇక్కడ పార్టీలో కొన్ని నెలలు వాదోపవాదాలు నడిచాయి. ఆ ఏడాది డిసెంబర్‌కల్లా కొత్త పేరు వచ్చేసింది: "ప్రజాయుద్ధం". 1942 జూలైలో బ్రిటిష్ ప్రభుత్వం పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. బొంబాయి నుంచి పీపుల్స్ వార్ అనే ఇంగ్లీష్ పత్రిక వచ్చింది. బెజవాడ నుంచి తెలుగులో ప్రజాశక్తి వారపత్రిక వచ్చింది. అది 1945కల్లా దినపత్రిక అయింది.

నేను నాలుగేళ్లు కోడింగ్ చేశాను కాబట్టి నాకు ఇది ఇలా కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో ఒక వేరియబుల్ పేరు మారిస్తే దాని లోపలి విలువ మారదు. కానీ తర్వాత ఆ కోడ్ చదివేవాడి బుర్రలో అర్థం మారిపోతుంది. యుద్ధానికి పేరు పెట్టడం కూడా అంతే. "సామ్రాజ్యవాద యుద్ధం" అంటే మీరు పన్ను కట్టకుండా ఎదురు తిరుగుతారు. "ప్రజాయుద్ధం" అంటే మీరే ముందుకొచ్చి చందా ఇస్తారు.

వాళ్ల వాదనలో దమ్ము లేదా?

ఉంది. నిజాయితీగా ఒప్పుకోవాలి.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. రంగూన్ అంటే ఎక్కడో విదేశం అనుకోకండి. ఆ రోజుల్లో మన కోస్తా జనానికి అది ఇప్పటి దుబాయ్ లాంటిది. పని కోసం వేలాది మంది తెలుగువాళ్లు అక్కడికి వెళ్లేవారు. వాళ్లలో ఎంతోమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అడవుల్లో నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ మ్యూజియంకి వెళ్తే అప్పటి బాంబు తొడుగు ఇప్పటికీ చూడొచ్చు. ప్రాణనష్టం తక్కువే, భయం మాత్రం చాలా ఎక్కువ. ఆ నెలలోనే మద్రాసు నగరం నుంచి లక్షల మంది ఊళ్లకు పారిపోయారు. ప్రభుత్వ ఆఫీసులే లోపలి ఊళ్లకు తరలిపోయాయి.

అలాంటప్పుడు "బ్రిటిష్ వాడు చెడ్డవాడే, కానీ వచ్చేవాడు ఇంకా చెడ్డవాడు" అంటే దానికి ఒక అర్థం ఉంది. నాజీలు ఎలాంటివాళ్లో ఇవాళ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రీశ్రీ లాంటి కవి "గర్జించు రష్యా" రాశారంటే అది ఏ ప్రభుత్వం డబ్బుకో కాదు కదా. పైగా ఆ లైన్ కమ్యూనిస్టులది మాత్రమే కాదు. ఎం.ఎన్. రాయ్ అనుచరులు కూడా యుద్ధానికి మద్దతిచ్చారు. మన కృష్ణా జిల్లా అంగలూరు రచయిత త్రిపురనేని గోపీచంద్ ఆ రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా పనిచేశారు. కాంగ్రెస్‌లో అంత పెద్ద నాయకుడైన రాజాజీ కూడా క్విట్ ఇండియాని వ్యతిరేకించారు.

కాబట్టి ఒక విషయం క్లియర్‌గా చెప్పుకుందాం. యుద్ధ ప్రచారం ఎప్పుడూ పూర్తి అబద్ధం మీద నిలబడదు. దానికి ఒక నిజమైన భయం కావాలి. విశాఖలో బాంబు పడింది నిజం. ఆ నిజం పక్కన ఏం పెట్టారు, ఏం తీసేశారు అన్నదే మనం చూడాల్సింది.

అప్పటి రీల్స్

1942లో విజయవాడకి రేడియో స్టేషన్ లేదు. అది 1948 డిసెంబర్‌లో వచ్చింది. ఊళ్లో పేపర్ చదవగలిగేవాళ్లు కొద్దిమందే. మరి దివిసీమలో కౌలు రైతుకి స్టాలిన్‌గ్రాడ్ గురించి ఎలా చెప్తారు?

బుర్రకథతో.

జంగాలు చెప్పుకునే పాత కళారూపాన్ని తీసుకుని కమ్యూనిస్టులు కొత్తగా తయారు చేశారు. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది. బెజవాడ డాక్టర్ గరికపాటి రాజారావు గారు దాన్ని నడిపించినవాళ్లలో ముఖ్యులు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ బుర్రకథకే మారుపేరు అయ్యారు.

బుర్రకథ ఎలా ఉంటుందో చూశారా ఎప్పుడైనా? మధ్యలో తంబూరా పట్టుకుని కథకుడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకాయన హాస్యం చెప్తాడు. రెండో ఆయన పనేంటో తెలుసా? రాజకీయం. ఆయన్ని పిలిచేదే రాజకీయం వంత అని. కథ ఆపి, ఆ వారం దేశంలో ఏం జరుగుతోందో మాట్లాడతాడు. మీరు జోక్‌కి నవ్వుతారు, పాటకి కళ్లనీళ్లు పెట్టుకుంటారు, ఆ మధ్యలో రాజకీయం మీ లోపలికి వెళ్లిపోతుంది. మ్యూజిక్, కామెడీ, మెసేజ్. ఇవాళ ముప్పై సెకన్ల రీల్ చేసే పని అది రాత్రంతా చేసేది.

ఇందులో తప్పేం లేదండి. అద్భుతమైన కళ అది. నాజర్ గారి గొంతు ముందు మనమెంత. నేను అనేది ఒక్కటే: వేదిక మీద ఒక గొంతు అంత బలంగా వినిపిస్తున్నప్పుడు, ఆ వేదిక దొరకని గొంతు ఎవరిది అని కూడా అడగాలి.

తెనాలి గురించి ఎవరు చెప్పాలి?

1942 ఆగస్టు 8 రాత్రి బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. 9 తెల్లవారేసరికి నాయకులందరూ అరెస్ట్. మన మచిలీపట్నం పట్టాభి సీతారామయ్య గారిని నెహ్రూ, పటేల్‌తో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. వాళ్లు బయటికి వచ్చింది 1945లో. గాంధీ గారి హరిజన్ పత్రిక ఆగిపోయింది. సెన్సార్ దెబ్బకి చాలా జాతీయవాద పత్రికలు కొంతకాలం మూతపడ్డాయి.

ఆగస్టు 12న తెనాలి. జనం రోడ్ల మీదికి వచ్చారు. రైల్వే స్టేషన్ తగలబడింది. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. తెనాలి వెళ్లినవాళ్లు రణరంగ్ చౌక్ చూసే ఉంటారు. ఆ పేరు అందుకే వచ్చింది.

ఇప్పుడు సీన్ చూడండి. ఒకవైపు నాయకులు జైల్లో, పత్రికల నోటికి తాళం. ఇంకోవైపు నిషేధం ఎత్తేసిన పార్టీ, కొత్త పత్రిక, ఊరూరా కళాకారులు. డిబేట్‌లో ఒక మైక్ ఆఫ్ చేసి రెండో మైక్ ఆన్‌లో పెట్టినట్టు.

కమ్యూనిస్టులకి న్యాయంగా ఉందాం. గాంధీ గారిని, కాంగ్రెస్ నాయకుల్ని విడుదల చేయాలని, జాతీయ ప్రభుత్వం ఏర్పాటు చేయాలని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆహార ధాన్యాలు ఎక్కువ పండించండి, దాచిపెట్టిన నిల్వలు బయటపెట్టండి అని కూడా తిరిగారు. కానీ పార్టీ లైన్ మాత్రం సమ్మెలు వద్దు, పట్టాలు పీకొద్దు, యుద్ధానికి అడ్డు రావద్దు. అడ్డు వచ్చినవాళ్లకి ఒక పేరు పెట్టారు: "పంచమాంగ దళం", అంటే లోపలి శత్రువులు. సుభాష్ చంద్రబోస్‌ని జపాన్ చేతిలో బొమ్మలా చూపిస్తూ పీపుల్స్ వార్ పత్రికలో కార్టూన్లు వచ్చాయి. ఇటు కాంగ్రెస్ వాళ్లు ఊరుకుంటారా? వాళ్లు కమ్యూనిస్టుల్ని "బ్రిటిష్ ఏజెంట్లు" అన్నారు.

ఒకడు జపాన్ ఏజెంట్, ఇంకొకడు బ్రిటిష్ ఏజెంట్. ఊళ్లో మిగిలిన మూడో మనిషి, "అన్నా, బియ్యం ధర ఎందుకు పెరుగుతోంది?" అని అడగాలనుకున్నవాడు, ఎటువైపు నిలబడాలి?

ఆ ప్రశ్న చిన్నది కాదు. బర్మా పోగానే అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. సైన్యానికి సరుకు కావాలి. ధరలు ఎగిరాయి. డెల్టాలో అమ్ముకోవడానికి వడ్లున్న రైతు చేతిలోకి కాస్త డబ్బు వచ్చింది. కొనుక్కు తినే కూలీకి మాత్రం గంజి కూడా కష్టమైంది. బెంగాల్‌లో అయితే జపాన్ వాళ్లకి దొరక్కూడదని తీరంలో బియ్యం నిల్వలు తరలించారు, పడవలు పాడుచేశారు. 1943 కరువులో అక్కడ సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. వాళ్లెవరూ తుపాకీ గుండుకి చనిపోలేదు, ఆకలికి చనిపోయారు. ఆ కరువు మీద నాజర్ గారు బుర్రకథ చెప్పారు. అది ఆ ఉద్యమం గొప్పతనమే. కానీ కరువుకి కారణాల్లో మనం మద్దతిస్తున్న యుద్ధం కూడా ఒకటి అని అదే వేదిక మీద చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి.

లెక్క ఎక్కడ తేలింది?

1946 ఎన్నికల్లో మద్రాసు అసెంబ్లీలో కాంగ్రెస్‌కి 160కి పైగా సీట్లు వచ్చాయి. కమ్యూనిస్టులకి రెండు. రెండే. దానికి ఓటు హక్కు కొందరికే ఉండటం లాంటి కారణాలు కూడా ఉన్నాయి. కానీ 1942 మచ్చ గట్టిగానే తగిలింది. తర్వాత రైతుల కోసం, భూమి కోసం చేసిన పోరాటాలతో వాళ్లు మళ్లీ నిలబడ్డారు. 1952లో విజయవాడ నుంచి కమ్యూనిస్టుల మద్దతుతో హరీంద్రనాథ్ చటోపాధ్యాయ ఎంపీగా గెలిచారు. ఆ పార్టీల్లోనే 1942 వైఖరి మీద తర్వాత ఆత్మవిమర్శ జరిగింది. ఆ మాట ఎంతమంది ఇతర పార్టీల వాళ్లు అనగలరో మీరే చెప్పండి.

అయినా మచ్చ పోలేదు. 1962 అక్టోబర్‌లో చైనా దాడి చేసింది. నవంబర్ 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి చైనాని ఖండించి, దేశ రక్షణకి మద్దతు ప్రకటించింది. అయినా ఆ నెలలోనే పార్టీలో వామపక్షం అనుకున్న నాయకుల్ని వరసగా అరెస్ట్ చేశారు. పుచ్చలపల్లి సుందరయ్య, మాకినేని బసవపున్నయ్య లాంటివాళ్లు జైలుకెళ్లారు. చట్టం పేరు విన్నారా? డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్. 1939లో బ్రిటిష్ వాళ్లు వాడిన పేరే. చైనాతో చర్చలు జరపాలి అన్నా సరే, చైనా ఏజెంట్ అనే రోజులవి. 1942లో "పంచమాంగ దళం" అన్న పార్టీ మీదకే ఇరవై ఏళ్లకి ఆ ముద్ర తిరిగొచ్చింది. ఆ పార్టీ రెండుగా చీలడానికి దారి తీసిన 1964 జూలై సమావేశం ఎక్కడ జరిగిందో తెలుసా? మన తెనాలిలోనే.

దేశద్రోహి అనే ముద్ర ఎవరి చేతిలోనూ శాశ్వతంగా ఉండదు. ఇవాళ నువ్వు వేస్తావు, రేపు నీకు పడుతుంది.

ఇప్పుడు మన టైమ్‌కి వద్దాం

2019 ఫిబ్రవరి 14న పుల్వామా. 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఫిబ్రవరి 26న బాలాకోట్ దాడి. ఆ మర్నాడు ఢిల్లీలో 21 ప్రతిపక్ష పార్టీలు కూర్చున్నాయి. సైనికుల త్యాగాన్ని అధికార పార్టీ రాజకీయం చేస్తోంది అని ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. ఆ మీటింగ్‌లో మన అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు గారు కూడా ఉన్నారు. అప్పటికి టీడీపీ ఎన్డీఏ నుంచి బయటికి వచ్చి ఏడాది. ఫిబ్రవరి 28న కడపలో పవన్ కల్యాణ్ గారు, ఎన్నికల ముందు యుద్ధం వస్తుందని తనకి రెండేళ్ల క్రితమే చెప్పారు అన్నట్టుగా మాట్లాడారు. ఆ మాట పాకిస్తాన్ పత్రికల దాకా వెళ్లింది. బీజేపీ మండిపడింది. ఆయన వివరణ ఇచ్చుకున్నారు.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్. 26 మందిని చంపేశారు, అందులో మన రాష్ట్రం వాళ్లు కూడా ఉన్నారు. మే 7న ఆపరేషన్ సిందూర్. మే 10న కాల్పుల విరమణ. మే 16న మన బందర్ రోడ్డు మీద పెద్ద తిరంగా ర్యాలీ. ముందు వరసలో చంద్రబాబు గారు, పవన్ గారు, పురందేశ్వరి గారు. ప్రధానిని, సైన్యాన్ని మెచ్చుకుంటూ ప్రసంగాలు.

నేను ర్యాలీని తప్పు పట్టట్లేదు. మన రాష్ట్రం జవాన్ ఒకరు ఆ నాలుగు రోజుల్లోనే సరిహద్దులో ప్రాణాలిచ్చాడు. సత్యసాయి జిల్లాలో ఒక తండాలో ఇల్లు అతనిది. అతని కోసం జెండా పట్టుకుని నడవడం మన బాధ్యత. 2019 సంఘటనా 2025 సంఘటనా ఒకటే అని కూడా అనట్లేదు. తేడాలున్నాయి. కానీ ప్రశ్న అడిగిన గొంతే ప్రశ్న మానేసినప్పుడు, మనం ఒక్కసారి చూడాల్సింది క్యాలెండర్. 1941 జూన్ 22 లాగే ఇక్కడ కూడా మధ్యలో ఒక పొత్తు మారింది. మొదటి దానికి మాస్కో కారణం, రెండో దానికి ఢిల్లీ. వాళ్లు మారడానికి మంచి కారణాలే ఉండొచ్చు. అడగడం మాత్రం మన హక్కు.

మన దగ్గర ఉన్న ఒక వింత రక్షణ

మన ఆంధ్రాలో మీడియా ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? సాక్షి జగన్ గారి కుటుంబం పెట్టిన సంస్థ. ఈనాడు, ఆంధ్రజ్యోతి, టీవీ5లని వైసీపీ వాళ్లు "ఎల్లో మీడియా" అంటారు. అవతలి వాళ్లు సాక్షిని "బ్లూ మీడియా" అంటారు. ఇంట్లో తాతయ్య ఒకటి చూస్తే బాబాయ్ ఇంకోటి చూస్తాడు.

మనం దీన్ని తిట్టుకుంటాం కానీ, ఇందులో ఒక లాభం ఉంది. పోలవరం మీద ఒక చానెల్ అబద్ధం చెప్తే, రెండో చానెల్ సాయంత్రానికల్లా దాన్ని చీల్చి చెండాడుతుంది. నిజం మీద ప్రేమతో కాదు, పగతో. అయినా పని జరుగుతుంది. రెండు పక్షాల వాదనా విని, మధ్యలో ఎక్కడో నిజం ఉంటుంది అని మనం లెక్కేసుకుంటాం.

యుద్ధం వచ్చినప్పుడు ఈ రక్షణ పోతుంది. 2025 మేలో టీడీపీ, జనసేన, వైసీపీ ముగ్గురూ ఒకే వైపు ఉన్నారు. రాజకీయంగా అది సహజమే, జాతి మీద దాడి జరిగింది. కానీ మీడియా పరంగా దాని ఫలితం ఏంటి? ఎల్లో అన్నా, బ్లూ అన్నా, అవతలివాడి తప్పు పట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. 1942లో ఒక మైక్ జైలుకెళ్లింది. 2025లో రెండు మైకులూ ఒకే పాట పాడాయి. మనకి రెండు సార్లూ వినిపించింది ఒక్క పాటే.

మే 8 రాత్రి గుర్తుందా? కరాచీ పోర్ట్ ధ్వంసం అన్నారు. ఇస్లామాబాద్ మన చేతిలో అన్నారు. జాతీయ చానెళ్లలో మొదలై అన్ని భాషల్లోకీ పాకింది. తెల్లారేసరికి అందులో ఏదీ లేదు. ఫిలడెల్ఫియా విమాన ప్రమాదం వీడియోలు, ఆర్మా 3 అనే వీడియో గేమ్ క్లిప్పులు యుద్ధం పేరుతో తిరిగాయి. స్టూడియోల్లో సైరన్ మోత ఎంతగా వాడారంటే, అలా వాడొద్దని కేంద్ర హోం శాఖ కింద ఉన్న సివిల్ డిఫెన్స్ విభాగమే సలహా ఇవ్వాల్సొచ్చింది. నిజం సైరన్ మోగితే జనం పట్టించుకోరు అని.

ఇంకోవైపు, ఎనిమిది వేలకి పైగా ఖాతాల్ని ఇండియాలో బ్లాక్ చేయమని ప్రభుత్వం ఆదేశించిందని ఎక్స్ సంస్థే చెప్పింది. ద వైర్ వెబ్‌సైట్ కొంతసేపు తెరుచుకోలేదు.

అందులో ఒక ప్రశ్న: మన విమానాలేమైనా పోయాయా? మే రెండో వారంలో ఈ మాట అడిగితే కింద ఏ తిట్లు వచ్చేవో మీకు తెలుసు. మే 31న సింగపూర్‌లో మన సీడీఎస్ జనరల్ అనిల్ చౌహాన్ గారే ఫైటర్ జెట్‌లు కోల్పోయిన మాట నిజమేనని చెప్పారు. ఎన్ని అన్నది చెప్పలేదు. పాకిస్తాన్ చెప్పుకున్న ఆరు అనే లెక్క తప్పు అన్నారు. ఎందుకు పోయాయి, ఏం సరిచేసుకున్నాం అన్నదే ముఖ్యం అన్నారు. అంటే మూడు వారాల ముందు దేశద్రోహం అనిపించుకున్న ప్రశ్నకి దేశ సైన్యంలో అందరికంటే పెద్ద అధికారి ప్రశాంతంగా జవాబిచ్చారు. సైన్యానికి లేని అభద్రత స్టూడియోలకి ఎందుకో.

ఎవరికి నష్టం?

"సరే బ్రో, నాలుగు ఫేక్ వీడియోలు. జనం ఖుషీ అయ్యారు. ఏం పోయింది?" అనొచ్చు.

శ్రీనగర్ ఎన్ఐటీలో, పంజాబ్ యూనివర్సిటీల్లో మన తెలుగు పిల్లలు ఎంతమంది చదువుతున్నారో మీకు తెలుసు. ఆ నాలుగు రోజులు వాళ్లు బస్సు పట్టుకుని, రైలు పట్టుకుని ఢిల్లీకి చేరుకుంటున్నారు. ఏపీ భవన్‌లో వాళ్లకి ఏర్పాట్లు చేశారు. ఇక్కడ గుడివాడలోనో అవనిగడ్డలోనో వాళ్ల అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంటుంది. ఆ తల్లికి కావాల్సింది ఏ రూట్ తెరిచి ఉంది, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి అన్నది. ఆమెకి దొరికింది సైరన్ మోత, వీడియో గేమ్.

ఇంకొంచెం అవతలికి వెళ్తే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. ఇప్పటికీ ఇంటింటా సైన్యంలో ఎవరో ఒకరు. అలాంటి ఊళ్లో యుద్ధం అంటే క్రికెట్ స్కోర్ కాదు. "ఇస్లామాబాద్ పట్టేశాం" అని నువ్వు ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చూసి, మరి మావాడు ఎక్కడ ఉన్నాడు అని లెక్క వేసుకునే ఇల్లు అది. పైగా గెలిచేశాం, దూసుకుపోతున్నాం అని జనాన్ని అంత ఎత్తుకి తీసుకెళ్లాక, కాల్పుల విరమణ ప్రకటించిన రోజు వాళ్లకి అది ఓటమిలా అనిపిస్తుంది. ఆ కోపం ఎవరి మీద చూపించారు? ప్రకటన చదివిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ గారి మీద, ఆయన కుటుంబం మీద. ఆయన తన ఎక్స్ ఖాతాకి తాళం వేసుకోవాల్సి వచ్చింది. అబద్ధపు విజయాలు చూపించడం సైన్యానికి సాయం కాదు. శాంతి చేసుకునే దారిని కూడా అది మూసేస్తుంది.

మరి మనమేం చేయాలి?

నాలుగు ప్రశ్నలు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి: ఈ నాయకుడు పోయినసారి ఏమన్నాడు? అప్పటికీ ఇప్పటికీ మధ్య మారింది యుద్ధమా, పొత్తా?

రెండు: ఎవరి మైక్ ఆఫ్‌లో ఉంది? జైల్లో ఉన్నదెవరు, బ్లాక్ అయిందెవరు? వాళ్లు చెప్పేది నిజమే అని కాదు. వినకుండా తేల్చొద్దు అని.

మూడు: ఈ కథలో బియ్యం ధర ఉందా? అంటే, దీనికి ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నది ఉందా?

నాలుగు: నేను ఒక్క రోజు ఆగగలనా? పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూడండి, కానీ అది ప్రభుత్వ సంస్థ, మన వైపు గొప్పల్ని తగ్గించి చెప్పడం దాని మొదటి పని కాదు అని గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ నుంచి ఫ్యాక్ట్‌లీ వాళ్లు తెలుగులోనే రాస్తారు. గూగుల్ లెన్స్‌లో వీడియో ఫ్రేమ్ పెట్టి చూస్తే సగం పాతవే బయటపడతాయి. ఏదీ చేయలేకపోతే 24 గంటలు ఫార్వర్డ్ చేయకుండా కూర్చోండి. యుద్ధం టైమ్‌లో అది కూడా దేశసేవే.

మళ్లీ చెప్తున్నా, దేశం వైపు నిలబడొద్దు అని నేను అనట్లేదు. 1942లో ఫాసిజం నిజంగానే ప్రమాదం. 2025లో టెర్రరిజం నిజంగానే ప్రమాదం. మద్దతు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, గట్టిగా ఇవ్వండి. కానీ అది మీరు ఇచ్చిందై ఉండాలి, మీ దగ్గర నుంచి ఎవరో లాక్కున్నది కాకూడదు. యుద్ధం గురించి మనం ఎక్కువగా ప్రశ్నించాల్సింది శత్రువు అబద్ధాలు చెప్పినప్పుడు కాదు. అప్పుడు అందరూ ప్రశ్నిస్తారు. మన సొంత పార్టీ, మన సొంత చానెల్, వాటి ప్రత్యర్థులు అందరూ ఒకే మాట చెప్తున్నప్పుడు.

ఈసారి తెనాలి వెళ్తే రణరంగ్ చౌక్ దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. మీ ఇంట్లో తొంభై దాటిన పెద్దవాళ్లుంటే, యుద్ధం రోజుల్లో బియ్యం ఎంతకి కొన్నారో, ఏ బుర్రకథ విన్నారో అడిగి రికార్డ్ చేసి నాకు పంపండి. పార్టీ ఏదైనా పర్లేదు. మంచివి వస్తే వాటితోనే ఒక ఎపిసోడ్ చేద్దాం.

ఉంటానండి. జాగ్రత్త.